గోదావరి డెల్టాలో నాలుగు సంస్థలు కలిసి మెదడు డేటాబేస్ పెట్టుకోవాలంటే

కాకినాడలో రంగరాయ మెడికల్ కాలేజీకీ జేఎన్‌టీయూకీ మధ్య దూరం కొద్ది కిలోమీటర్లే. రాజానగరం, అమలాపురం, ఏలూరుల్లోనూ మెడికల్ కాలేజీలున్నాయి. ఈఈజీ (మెదడు విద్యుత్ తరంగాల రికార్డింగ్) తీయించుకునే రోగులు ఒకచోట, ఎంఆర్ఐ మెషిన్ ఇంకోచోట, సిగ్నల్ ప్రాసెసింగ్ తెలిసిన ఇంజినీరింగ్ విద్యార్థులు మరోచోట ఉంటారు. వీళ్లందరి మధ్య డేటా తిరిగేది చాలావరకు పెన్‌డ్రైవ్‌లోనే. ప్రాజెక్టు చేసిన పీజీ విద్యార్థి కోర్సు ముగించుకుని వెళ్లిపోతే ఆ ఫైళ్లలో ఏముందో చెప్పేవాళ్లుండరు.

దీన్ని సరిచేసుకోవడానికి పెద్ద గ్రాంటు అక్కర్లేదు. ఒక మామూలు సర్వర్, కొన్ని ఉచిత సాఫ్ట్‌వేర్‌లు, వారానికి కొన్ని గంటలు కేటాయించే డేటా మేనేజర్ ఒకరు ఉంటే మొదలుపెట్టొచ్చు. సాఫ్ట్‌వేర్ గురించి ఎక్కువ ఆలోచించకండి, అది ఎప్పుడైనా మార్చుకోవచ్చు. రికార్డింగ్ జరిగిన రోజు రాసుకోని సంగతిని మాత్రం తర్వాత ఎవరూ తెచ్చివ్వలేరు. అందుకే ఈ గైడ్‌లో అన్నింటికన్నా ఎక్కువ చోటు కంప్యూటర్ దగ్గర కాకుండా ఈఈజీ గదిలో జరిగే పనికే ఇచ్చాను. ఉదాహరణగా మూర్ఛ రోగుల అధ్యయనాన్ని తీసుకుంటున్నాను: తల మీద నుంచి తీసే ఈఈజీ, ఎంఆర్ఐ, జ్ఞాపకశక్తి పరీక్షల స్కోర్లు, ఫాలో-అప్ వివరాలు. నాలుగు సంస్థలు పాల్గొంటున్నాయి అనుకుందాం.

1. ముందు కాగితం మీద ఒప్పందం

సర్వర్ కొనేముందు నాలుగు సంస్థలవాళ్లూ ఒక్కసారి కూర్చుని మూడు పేజీల ఒప్పందం రాసుకోవాలి. ఏ ప్రశ్నల కోసం డేటా సేకరిస్తున్నాం, ఎవరు ఏ భాగం చూడొచ్చు, ఒక సంస్థ మధ్యలో తప్పుకుంటే అప్పటిదాకా ఇచ్చిన డేటా ఏమవుతుంది, పేపర్లలో ఎవరి పేర్లు వేయాలి అన్నవి అందులో ఉండాలి. చివరి అంశం మాట్లాడ్డానికి అందరికీ మొహమాటమే. కానీ ఇలాంటి ఉమ్మడి పనులు చెడేది ఎక్కువగా దాని దగ్గరే. రికార్డింగులు తీసిన టెక్నీషియన్ పేరు కృతజ్ఞతల్లో ఉంటుందా, రచయితల్లో ఉంటుందా అన్నది కూడా అప్పుడే తేల్చుకోండి.

భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017లో తెచ్చిన జాతీయ నైతిక మార్గదర్శకాలు ఈ పనికి ఆధారం. ప్రతి సంస్థలోనూ ఎథిక్స్ కమిటీ అనుమతి ఉండాలి. సమ్మతి పత్రం తెలుగులో, రోగికి అర్థమయ్యే తెలుగులో ఉండాలి. ‘ఈ అధ్యయనానికి ఒప్పుకుంటున్నాను’, ‘పేరు తీసేసి నా డేటాను మరో అధ్యయనానికి ఇవ్వడానికి ఒప్పుకుంటున్నాను’, ‘అవసరమైతే నన్ను మళ్లీ సంప్రదించవచ్చు’ అనే మూడింటికీ విడివిడిగా టిక్ పెట్టే చోటు ఇవ్వండి. మూడింటినీ ఒకే సంతకం కింద కలిపేస్తే, రెండేళ్ల తర్వాత డేటా పంచుకుందామనుకున్నప్పుడు చేతులు కట్టేసినట్టవుతుంది. చదవడం రానివాళ్లు వేలిముద్ర వేస్తే, అధ్యయనంతో సంబంధం లేని సాక్షి ఒకరు సంతకం చేయాలి. పిల్లల విషయంలో తల్లిదండ్రుల సమ్మతితో పాటు 7 నుంచి 12 ఏళ్ల వాళ్ల దగ్గర నోటిమాటగా, 12 నుంచి 18 ఏళ్ల వాళ్ల దగ్గర రాతపూర్వకంగా అంగీకారం తీసుకోవాలి. విదేశీ సంస్థతో కలిసి పనిచేయాలనుకుంటే ఆరోగ్య మంత్రిత్వ శాఖ స్క్రీనింగ్ కమిటీ అనుమతి వేరే. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో పరిశోధనకు కొంత మినహాయింపు ఉంది. అయితే ఆ డేటాతో ఫలానా వ్యక్తి గురించి ఏ నిర్ణయమూ తీసుకోకూడదు, నిర్దేశించిన ప్రమాణాలు పాటించాలి. ఆ మినహాయింపును చూపించి భద్రతను గాలికొదిలేయడానికి లేదు.

2. ఎంత చోటు కావాలో లెక్క వేసుకోండి

మెదడు డేటా అనగానే చాలామంది టెరాబైట్లు ఊహించుకుని భయపడతారు. లెక్క వేస్తే అంత ఉండదు. 32 చానెళ్లు (తల మీది ఎలక్ట్రోడ్ల నుంచి వచ్చే సిగ్నళ్లు), సెకనుకు 256 శాంపిళ్లు (కొలతలు), ఒక్కో శాంపిల్‌కు 2 బైట్లు అనుకుంటే అరగంట ఈఈజీ సుమారు 29.5 మెగాబైట్లు. 256 × 256 × 176 కొలతల ఎంఆర్ఐ చిత్రం ఒకటి కంప్రెస్ చేయకముందు దాదాపు 23 మెగాబైట్లు. 64 × 64 × 36 పరిమాణంలో 240 సార్లు తీసిన ఫంక్షనల్ ఎంఆర్ఐ (మెదడు పనిచేస్తుండగా వరుసగా తీసే చిత్రాలు) 71 మెగాబైట్లు. అన్నీ కలిపినా ఒక్కో రోగికి ఒక విజిట్‌కు పావు గిగాబైట్ దాటడం అరుదు.

జంతువుల మెదడులోకి ప్రోబ్ దించి తీసే రికార్డింగుల సంగతి వేరు. న్యూరోపిక్సెల్స్ లాంటి ప్రోబ్ 384 చానెళ్లను సెకనుకు 30,000 సార్లు నమోదు చేస్తుంది. గంటకు 83 గిగాబైట్లు వస్తాయి. మీలో ఎవరికైనా అలాంటి ప్రయోగశాల ఉంటే దానికి వేరే స్టోరేజీ పెట్టుకోండి. వీడియో ఈఈజీకి కూడా చోటు ఎక్కువే, పైగా అందులో రోగి ముఖం ఉంటుంది. నా సలహా: వీడియో ఆస్పత్రి దాటకూడదు. ఫిట్స్ ఏ సెకనులో మొదలైంది, ఏ చేయి ముందు కదిలింది అన్న వివరాలు న్యూరాలజిస్టు రాస్తే ఆ రాత మాత్రమే డేటాబేస్‌కు వస్తుంది.

3. పేరు తీసేయడం

ప్రతి రోగికీ ర్యాండమ్‌గా పుట్టించిన కోడ్ ఇవ్వండి. ఓపీ నంబరు, ఇంటిపేరు మొదటి అక్షరం, పుట్టిన సంవత్సరం కలిపి కోడ్ తయారుచేయొద్దు. తెలిసినవాళ్లు ఇట్టే పట్టేస్తారు. ఏ కోడ్ ఎవరిదో చెప్పే జాబితా రోగిని చూసిన ఆస్పత్రిలోనే, ఎన్‌క్రిప్ట్ చేసి (తాళంచెవి లేనివాళ్లు చదవలేని రూపంలోకి మార్చి), ఇద్దరి దగ్గర మాత్రమే ఉండాలి. ఉమ్మడి సర్వర్‌లోకి అది ఎప్పటికీ రాకూడదు.

పేరు ఎక్కడెక్కడ దాక్కుంటుందో తెలుసుకోవాలి. ఈఈజీని దాచే ఈడీఎఫ్ అనే రకం ఫైల్ మొదట్లో 8 బైట్లు ఫార్మాట్ వెర్షన్‌వి, ఆ తర్వాతి 80 బైట్లు రోగి వివరాలవి, మరో 80 బైట్లు రికార్డింగ్ వివరాలవి. ఫైల్ పేరు మార్చి ఊరుకుంటే లోపల పేరు అలాగే ఉంటుంది. టెక్నీషియన్ మధ్యలో టైప్ చేసే అనోటేషన్లలోనూ ‘లక్ష్మిగారు కళ్లు తెరిచారు’ లాంటివి కనిపిస్తాయి. ఎంఆర్ఐ మెషిన్ ఇచ్చే డైకామ్ ఫైళ్లలో పేరు, పుట్టిన తేదీ, ఆస్పత్రి పేరు ట్యాగుల్లో ఉంటాయి. అవన్నీ తీసేసినా తల ఎంఆర్ఐ నుంచి ముఖాన్ని త్రీడీలో మళ్లీ గీయొచ్చు కాబట్టి పైడిఫేస్ లాంటి టూల్‌తో ముఖ భాగాన్ని చెరిపేయాలి. చెరిపాక ఒక్కో చిత్రాన్నీ కంటితో చూడండి. అప్పుడప్పుడు మెదడు ముందు భాగం కూడా కోసేస్తుంది.

ఊరి పేరు దగ్గర మన ప్రాంతానికి ప్రత్యేకమైన చిక్కు ఉంది. చిన్న లంక గ్రామంలో అరుదైన మూర్ఛ ఉన్న పన్నెండేళ్ల అబ్బాయి ఒక్కడే ఉంటే, ఊరి పేరు రాస్తే పేరు రాసినట్టే. అందుకే ఊరు వద్దు, మండలం కూడా పరిశోధనకు అవసరమైతేనే. జిల్లాతో సరిపెట్టుకుందామంటే, 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. అంతకుముందు ‘తూర్పు గోదావరి’ అని రాసిన అమలాపురం రోగి ఇప్పుడు కోనసీమ జిల్లాలోకి వస్తాడు. పాత కేస్ షీట్లు ఎక్కిస్తున్నప్పుడు ‘జిల్లా’ పక్కన ‘ఏ విభజన ప్రకారం’ అనే కాలమ్ పెట్టకపోతే రెండు వేర్వేరు ప్రాంతాలు ఒకే పేరుతో కలిసిపోతాయి.

తేదీల్ని ఒక్కో రోగికి ఒక్కో సంఖ్య చొప్పున వెనక్కి జరపండి. ఒకే రోగి తేదీలన్నీ ఒకే సంఖ్యతో జరిపితే విజిట్‌ల మధ్య విరామం చెడదు. జరిపిన తేదీ అని చూడగానే తెలిసేలా 1925కు ముందు సంవత్సరాలు వాడటం ఈ రంగంలో అలవాటు.

4. ఈఈజీ గదిలో ఏం రాయాలి

టెక్నీషియన్ చేతిలో ఒకే పేజీ ఫారం పెట్టండి. అది తెలుగులో ఉండాలి, రెండు నిమిషాల్లో నిండాలి. పెద్ద ఫారం ఇస్తే మొదటి వారం నింపుతారు, రెండో వారం నుంచి అన్నింటికీ ‘నార్మల్’ అని రాస్తారు. వాళ్లను తప్పుపట్టడానికి లేదు, బయట పదిమంది రోగులు ఎదురుచూస్తుంటారు.

ఫారంలో మొదటిది తల సంగతి. రోగి తలంటుకుని వచ్చారా, నూనె రాసుకుని వచ్చారా? కొబ్బరినూనె ఉన్న తల మీద ఎలక్ట్రోడ్ సరిగా అంటదు, ఇంపిడెన్స్ (సిగ్నల్‌కు ఎదురయ్యే అడ్డు) పెరుగుతుంది. సాధారణంగా 5 కిలోఓమ్‌లు దాటకుండా చూస్తారు కాబట్టి ఒక్కో ఎలక్ట్రోడ్ ఇంపిడెన్స్ సేవ్ అయ్యేలా మెషిన్‌లో సెట్ చేయండి. రెండోది నిద్ర: ముందు రాత్రి ఎన్ని గంటలు పడుకున్నారు, కావాలనే మేల్కొని రమ్మన్నారా? మూడోది మందులు: పేరు, డోసు, ఆఖరిసారి వేసుకున్న సమయం. మూర్ఛకు వాడే క్లోబజామ్ లాంటి మందులు ఈఈజీలో బీటా అనే వేగమైన తరంగాల్ని పెంచుతాయి. మందు సంగతి తెలియనివాళ్లు ఆ పెరుగుదలను జబ్బు లక్షణం అనుకునే ప్రమాదముంది. నాలుగోది కరెంటు. మధ్యలో పోయిందా, జనరేటర్ మీద నడిచిందా, ఏ నిమిషం నుంచి ఏ నిమిషం దాకా? మన దగ్గర లైన్ ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్. జనరేటర్ మీద అది అటూఇటూ జారితే 50 దగ్గర పెట్టిన నాచ్ ఫిల్టర్ (ఒక్క ఫ్రీక్వెన్సీని తొలగించేది) దాన్ని పట్టుకోలేదు.

కుడిచేతివాటమా, ఎడమచేతివాటమా అన్నది భాషా కేంద్రాల గురించిన ఏ అధ్యయనానికైనా కావాలి. ‘ఏ చేత్తో తింటారు, ఏ చేత్తో రాస్తారు’ అని అడిగితే మన దగ్గర దాదాపు అందరూ కుడి అనే చెబుతారు. చిన్నప్పుడు ఎడమచేత్తో అన్నం ముట్టుకుంటే దెబ్బలు తిన్నవాళ్లు కూడా అదే చెబుతారు. రాయి ఏ చేత్తో విసురుతారు, అగ్గిపుల్ల ఏ చేత్తో గీస్తారు, చీపురు ఎలా పట్టుకుంటారు అని అడగండి. ‘చిన్నప్పుడు చేయి మార్పించారా’ అన్నదానికి విడిగా ఒక గడి పెట్టండి.

చదువు, భాషలు ఎంత ముఖ్యమో చూపించిన పని తెలుగు గడ్డ మీదే జరిగింది. హైదరాబాద్ నిమ్స్‌లో న్యూరాలజిస్టు సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా (మతిమరుపు జబ్బు) రోగుల రికార్డులు పరిశీలించి, రెండు భాషలు మాట్లాడేవాళ్లలో జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందని 2013లో ప్రచురించింది. బడికి వెళ్లనివాళ్లలో కూడా ఆ తేడా కనిపించింది. కేస్ షీట్లో భాష, చదువు రాసి ఉండబట్టే ఆ ప్రశ్న అడగడం సాధ్యమైంది. కాబట్టి ‘చదువు: ఉంది/లేదు’ అని పెట్టకుండా ఎన్నేళ్లు చదివారు, పేపర్ చదవగలరా, ఇంట్లో ఏ భాష, పనిలో ఏ భాష అని అడగండి. గల్ఫ్ వెళ్లొచ్చినవాళ్లు డెల్టాలో చాలామంది ఉన్నారు. కువైట్‌లో పదేళ్లు పనిచేసి అరబిక్ మాట్లాడే ఆవిడను ‘తెలుగు మాత్రమే’ అని నమోదు చేస్తే డేటా తప్పవుతుంది.

రికార్డింగ్ పద్ధతి కూడా నాలుగు చోట్లా ఒకేలా ఉండాలి. అన్నీ కాకపోయినా కళ్లు మూసి ఐదు నిమిషాలు, తెరిచి ఐదు నిమిషాలు అనే భాగం అందరూ తీయండి. దీని ఉపయోగం తనిఖీ దగ్గర తెలుస్తుంది.

5. ఫైళ్లను అమర్చడం

మీ సొంత ఫోల్డర్ పద్ధతి కనిపెట్టొద్దు. మెదడు చిత్రాల కోసం 2016లో వచ్చిన బిడ్స్ అనే ప్రమాణం ఉంది, 2019లో దాన్ని ఈఈజీకి విస్తరించారు. రోగికి ఒక ఫోల్డర్, అందులో విజిట్‌కు ఒకటి, అందులో ఈఈజీకి, ఎంఆర్ఐకి వేర్వేరు ఫోల్డర్లు. ప్రతి రికార్డింగ్ పక్కన చిన్న వివరాల ఫైల్ ఒకటి ఉంటుంది. శాంప్లింగ్ వేగం, రిఫరెన్స్ ఎలక్ట్రోడ్, లైన్ ఫ్రీక్వెన్సీ, వాడిన ఫిల్టర్లు అందులోకి వెళ్లాలి. డైకామ్‌ను పరిశోధనలో వాడే నిఫ్టీ ఫార్మాట్‌కు మార్చడానికి డీసీఎం2నిక్స్ అనే ఉచిత టూల్ సరిపోతుంది. ఈఈజీ మెషిన్ కంపెనీ సొంత ఫార్మాట్‌లో సేవ్ చేస్తే దాన్ని ఈడీఎఫ్‌కు ఎగుమతి చేయండి, అసలు ఫైల్‌ను ఆస్పత్రిలోనే దాచండి. ప్రోబ్ రికార్డింగులున్న ల్యాబ్ అయితే ఎన్‌డబ్ల్యూబీ ఫార్మాట్ వాడటం మంచిది.

ఎలక్ట్రోడ్ పేర్ల దగ్గర జాగ్రత్త. తల మీద ఎలక్ట్రోడ్ల చోట్లు చెప్పే పాత 10-20 పద్ధతిలో టీ3, టీ4, టీ5, టీ6 అని ఉన్నవే కొత్త పేర్లలో టీ7, టీ8, పీ7, పీ8. ఒక ఆస్పత్రి పాత పేర్లు, ఇంకో ఆస్పత్రి కొత్త పేర్లు వాడితే ఒకే చోటు రెండు చానెళ్లుగా కనిపిస్తుంది. కొత్త పేర్లకు మార్చే పట్టిక ఒకటి రాసి, ఫైల్ లోపలికి వచ్చేటప్పుడే మార్చేయండి.

ముడి డేటా ఫోల్డర్‌కు రాసే అనుమతి ఎవరికీ ఉండకూడదు, డేటా మేనేజర్‌కు కూడా. ఫిల్టర్ చేసినవి, శుభ్రం చేసినవి, లెక్కకట్టినవి అన్నీ వేరే ఫోల్డర్‌లోకి, ఏ ప్రోగ్రామ్ ఏ వెర్షన్‌తో చేశారో రాసి.

6. పట్టికలు

సిగ్నళ్లను, చిత్రాలను డేటాబేస్ పట్టికల్లోకి ఎక్కించొద్దు. అవి ఫైళ్లుగానే ఉంటాయి. పోస్ట్‌గ్రెస్ అనే ఉచిత డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో ఉండాల్సింది వాటి సూచిక మాత్రమే. ఆరు పట్టికలతో మొదలుపెట్టండి: వ్యక్తి, సమ్మతి, విజిట్, రికార్డింగ్, ఫైల్, స్కోరు. సమ్మతిని వ్యక్తి పట్టికలో ఒక గడిగా పెట్టకుండా వేరే పట్టిక చేయడానికి కారణముంది. సమ్మతి మారుతుంది. పిల్లవాడికి 18 నిండితే సొంతంగా సమ్మతి తీసుకోవాలి, ఎవరైనా వెనక్కి తీసుకోవచ్చు. ప్రతి మార్పూ తేదీతో కొత్త వరుసగా చేరాలి.

ఫైల్ పట్టికలో ఫైల్ ఉన్న చోటు, సైజు, ఎస్‌హెచ్‌ఏ-256 చెక్‌సమ్ (ఫైల్‌లో ఏ కొంచెం మారినా మారిపోయే గుర్తు) ఉండాలి. స్కోరు పట్టికలో పరీక్ష పేరుతో పాటు ఏ భాష, ఏ వెర్షన్, ఎవరు నిర్వహించారు అన్నవీ ఉండాలి. ఖాళీకి మూడు వేర్వేరు గుర్తులు పెట్టండి: అడగలేదు, అడిగితే చెప్పలేదు, వర్తించదు. సున్నా మాత్రం వాడకండి. స్కోరు సున్నా అంటే రోగి ఒక్క సరైన జవాబూ చెప్పలేదని అర్థం.

ఫారాలు నింపడానికి వాండర్‌బిల్ట్ యూనివర్సిటీలో 2004లో పుట్టిన రెడ్‌క్యాప్ అనే సాఫ్ట్‌వేర్ బాగుంటుంది. లాభాపేక్ష లేని సంస్థలకు ఒప్పందం మీద ఉచితంగా ఇస్తారు. అది కుదరకపోతే స్ప్రెడ్‌షీట్‌తో మొదలుపెట్టినా ఫర్వాలేదు, గడుల్లో డ్రాప్‌డౌన్ పెట్టి సొంతంగా టైప్ చేసే అవకాశం తీసేస్తే చాలు.

7. లోపలికి వచ్చేచోట తనిఖీ

ధవళేశ్వరం దగ్గర బురద నీరు వదిలేసి అమలాపురం కాలువ చివర వడగట్టడం ఎంత పనో, తప్పుడు ఫైల్‌ను లోపలికి రానిచ్చి విశ్లేషణ దగ్గర వెతకడం అంత పని. ప్రతి ఫైల్ ముందు ఒక వెయిటింగ్ ఫోల్డర్‌లోకి రావాలి. చెక్‌సమ్ సరిపోయిందా, బిడ్స్ వ్యాలిడేటర్ (అమరిక ప్రమాణం ప్రకారం ఉందో లేదో చూసే టూల్) ఒప్పుకుందా, పేరు ఎక్కడైనా మిగిలిందా, రికార్డింగ్ నిడివి ఫారంలో రాసినదానికి దగ్గరగా ఉందా అని స్క్రిప్ట్ చూస్తుంది.

ఆ తర్వాత మనిషి చూడాల్సింది ఒకటుంది. కళ్లు మూసుకున్న భాగంలో పెద్దవాళ్లకు తల వెనక, ఓ1, ఓ2 చానెళ్లలో 8 నుంచి 13 హెర్ట్జ్ ఆల్ఫా లయ మామూలుగా కనిపిస్తుంది, కళ్లు తెరిస్తే తగ్గుతుంది. అది నుదుటి చానెళ్లలోనే బలంగా కనిపిస్తే వైర్లు మారి ఉండొచ్చు. తెరిచినప్పుడు పెరిగితే లేబుళ్లు తారుమారయ్యాయని అనుమానించండి. ఎంఎన్ఈ-పైథాన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఈ చిత్రం గీయడం కొద్ది లైన్ల పని. సందేహం వస్తే అదే వారం టెక్నీషియన్‌కు ఫోన్ చేయండి. నెల దాటితే వాళ్లకూ గుర్తుండదు.

ఇంటర్నెట్ నెమ్మదిగా ఉన్నచోటు నుంచి ఆర్‌సింక్ అనే ఫైళ్లు పంపే టూల్‌తో రాత్రిపూట పంపితే, మధ్యలో తెగినా చేరిన ఫైళ్లను మళ్లీ మొదటి నుంచి పంపే పని లేదు. అదీ కుదరకపోతే ఎన్‌క్రిప్ట్ చేసిన హార్డ్‌డిస్క్ బస్సులో తెచ్చుకున్నా తప్పేం లేదు.

8. వరద, తుపాను, బ్యాకప్

మూడు కాపీలు, రెండు రకాల మాధ్యమాల మీద, ఒకటి వేరే ఊళ్లో అన్నది అందరూ చెప్పేదే. డెల్టాలో ‘వేరే ఊరు’ అంటే ఏ ఊరన్నది అసలు ప్రశ్న. 1986 ఆగస్టు వరదలో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు పారింది, 2022 జులైలో 25 లక్షలు దాటింది. మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చేది 17 లక్షల దగ్గర. 1996 నవంబరు తుపాను కోనసీమను తుడిచిపెట్టింది. కాకినాడలో ఒకటి, అమలాపురంలో ఒకటి పెడితే ఒకే తుపానులో రెండూ పోవచ్చు. విశాఖకూ తుపాను భయం ఉంది, 2014 హుద్‌హుద్ గుర్తుండే ఉంటుంది. హైదరాబాద్‌లో ఏదైనా సంస్థతో మాట్లాడుకుని, ఎన్‌క్రిప్ట్ చేసిన కాపీని అక్కడ పెట్టండి. తాళంచెవి మీ దగ్గరే ఉంటుంది.

సర్వర్‌ను కింది అంతస్తులో పెట్టొద్దు. యూపీఎస్ ఉంటే సరిపోదు, కరెంటు పోతే దానంతటదే పద్ధతిగా ఆగిపోయేలా సెట్ చేయండి. ఏటా మే నెలలో, వరదల కాలం రాకముందే, హైదరాబాద్ కాపీ నుంచి ఒక రోగి మొత్తం డేటాను వెనక్కి తెచ్చి చెక్‌సమ్‌లు సరిచూడండి. వెనక్కి తెచ్చి చూడని బ్యాకప్‌ను లెక్కలోకి తీసుకోవద్దు.

9. ఎవరికి ఏ తలుపు

ఒక్కొక్కరికీ సొంత లాగిన్ ఉండాలి. ‘డిపార్ట్‌మెంట్’ అనే ఉమ్మడి లాగిన్ వద్దే వద్దు. విద్యార్థికి ప్రాజెక్టుకు కావాల్సిన పట్టికలు మాత్రమే, ప్రాజెక్టు గడువు దాకా మాత్రమే. రోజూ కదిలే డేటాబేస్ మీద నేరుగా విశ్లేషణ చేయనివ్వొద్దు. ఆర్నెల్లకోసారి వెర్షన్ నంబరుతో స్థిరమైన విడుదల ఇవ్వండి, పేపర్లో ఆ నంబరు రాస్తారు. పెద్ద ఫైళ్ల వెర్షన్లకు డేటాలాడ్ అనే టూల్ పనికొస్తుంది.

ఎవరైనా రోగి సమ్మతి వెనక్కి తీసుకుంటే తర్వాతి విడుదల నుంచి తీసేయాలి, బ్యాకప్‌ల నుంచి ఎన్ని రోజుల్లో తీస్తారో ఒప్పందంలో రాసి ఉండాలి. ఇప్పటికే అచ్చైన పేపర్ నుంచి తీయలేమన్న మాట సమ్మతి పత్రంలోనే ముందుగా చెప్పాలి.

10. ఇరవై మందితో ప్రయత్నం

ఒక్కో సంస్థ నుంచి ఐదుగురి డేటా ఎక్కించి ఆగండి. ఈ పనిలో పాల్గొనని ఒక పీజీకి ఒక ప్రశ్న ఇవ్వండి: ‘క్లోబజామ్ వేసుకుంటున్నవాళ్ల బీటా తరంగాలు వేసుకోనివాళ్లతో పోలిస్తే ఎలా ఉన్నాయి?’ ఇరవై మందితో జవాబు తేలదు, తేలాల్సిన అవసరమూ లేదు. డేటాబేస్ తప్ప వేరే సహాయం లేకుండా ఆ పీజీ ఎంతదూరం వెళ్లగలరో చూడండి. మధ్యలో మీకు ఫోన్ చేసి ‘ఈ డోసు రోజుకా, పూటకా’, ‘ఈ సమయం మందు వేసుకున్నదా, రికార్డింగ్ మొదలైనదా’ అని అడిగినవన్నీ రాసుకోండి. అవన్నీ ఫారంలో, పట్టికల్లో చేర్చి తర్వాతి వెర్షన్ ఇవ్వండి. అప్పటికే తీసిన ఇరవై రికార్డింగులకు ఆ కొత్త గడుల్లో ‘అడగలేదు’ అనే గుర్తు వేయండి, ఊహించి నింపకండి.